క్యాన్సర్ చికిత్స ముగిసినా తీరని అలసట: గుర్తించడం, ఎదుర్కోవడం ఎలా?

ఢిల్లీలోని ధౌలా కువాన్ కూడలికి సమీపంలో సైన్యానికి చెందిన రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆసుపత్రి ఉంది. సాయుధ దళాల వైద్య వ్యవస్థలో ఇది అత్యున్నత రెఫరల్ కేంద్రం. క్యాన్సర్ చికిత్స కోసం దేశం నలుమూలల నుంచి సైనికులు, మాజీ సైనికులు, వారి కుటుంబ సభ్యులు ఇక్కడికి వస్తారు. వారిలో తెలుగు రాష్ట్రాలవారూ ఉంటారు. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ పూర్తయి, వ్యాధి ఆనవాళ్లు కనిపించడం లేదని డాక్టరు చెప్పిన రోజు ఏ కుటుంబానికైనా పండుగే. అయితే ఆ పండుగ తరువాత మొదలయ్యే, లేదా అప్పటికే మొదలై తగ్గకుండా నిలిచిపోయే ఒక బాధ గురించి ఎక్కువమంది నోరు విప్పరు. అదే విశ్రాంతితో తీరని అలసట.

ధౌలా కువాన్ మెట్రో స్టేషన్‌ను సౌత్ క్యాంపస్ స్టేషన్‌తో కలుపుతూ కిలోమీటరుకు పైగా పొడవైన ఎత్తు నడకదారి ఉంది. 2019లో ప్రారంభమైన ఈ దారికి అవతలి కొసన ఉన్న స్టేషన్‌కు తెలుగువారు గర్వించే దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఆరోగ్యవంతులకు ఇది పావుగంట నడక. చికిత్స ముగిసి ఆరు నెలలైనవారిలో కొందరికి ఇదే దూరం ఒక రోజు ఓపికనంతా హరిస్తుంది. కదిలే నడకపట్టీలు ఉన్నా, మధ్యలో ఆగి గోడకు ఆనుకొని నిలబడవలసి వస్తుంది. చూసేవారికి మనిషి బాగానే కనిపిస్తారు, రిపోర్టులూ బాగుంటాయి. "ఇంకా నీరసమేమిటి?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం వద్ద సమాధానం ఉంది.

ఈ అలసట ఎటువంటిది?

రోజంతా పనిచేసిన మనిషికి కలిగే అలసట రాత్రి నిద్రతో తీరుతుంది. క్యాన్సర్‌తోనూ, దాని చికిత్సతోనూ ముడిపడిన అలసట అలా తీరదు. చేసిన పనికీ, కలిగిన అలసటకూ పొంతన ఉండదు. స్నానం చేసి బట్టలు మార్చుకోవడంతోనే మళ్లీ పడుకోవలసి రావచ్చు. ఎనిమిది గంటలు నిద్రపోయినా లేచేసరికి ఒళ్లు బరువుగా ఉండవచ్చు. ఇది కండరాలకే పరిమితం కాదు. ఏకాగ్రత కుదరకపోవడం, తెలిసిన పేరు నోటికి రాకపోవడం, వార్తాపత్రికలో ఒక పేరాను రెండుసార్లు చదవవలసి రావడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి తగ్గడం దీనిలో భాగాలే.

చికిత్స జరుగుతున్న కాలంలో ఈ అలసట చాలామందిలో కనిపిస్తుంది. చికిత్స ముగిసిన తరువాత ఎక్కువమందిలో కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది. అయితే కోలుకున్నవారిలో దాదాపు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి ఇది సంవత్సరాల తరబడి కొనసాగవచ్చని అధ్యయనాలు తెలుపుతున్నాయి. కనుక ఇది బద్ధకం కాదు, మనోధైర్యం లోపించడం కాదు. అలాగే అలసట ఉన్నంత మాత్రాన వ్యాధి తిరగబెట్టిందని భావించనవసరం లేదు.

కారణం ఒక్కటే కాదు. చికిత్స వల్ల శరీరంలో తలెత్తిన వాపు ప్రక్రియ కొంతకాలం సద్దుమణగకపోవడం, హార్మోన్లలో మార్పులు, నెలల తరబడి మంచానికి పరిమితం కావడంతో కండరాలు క్షీణించడం, నిద్ర లయ తప్పడం, మందుల ప్రభావం, ఆందోళన కలగలిసి పనిచేస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సంవత్సరాల తరబడి ఇచ్చే హార్మోన్ చికిత్సలు కూడా అలసటను పెంచగలవు.

మొదటి మెట్టు: సరిచేయగల కారణాలను వెతకడం

"చికిత్స తరువాత ఇది మామూలే" అని సరిపెట్టుకునే ముందు తప్పక చూడవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వీటిలో చాలావాటిని సాధారణ పరీక్షలతోనే కనిపెట్టవచ్చు.

రక్తహీనత: ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే క్యాన్సర్ రాకముందే ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నవారు అనేకులు. చికిత్స దానిని మరింత పెంచుతుంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్, బీ12 విటమిన్ స్థాయులు కూడా చూడాలి. మాంసాహారం తీసుకోనివారిలోనూ, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలంగా వాడేవారిలోనూ బీ12 తగ్గే అవకాశం ఎక్కువ.

థైరాయిడ్: మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారిలో, ఇమ్యునోథెరపీ పొందినవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించవచ్చు. ఇది చికిత్స ముగిసిన చాలాకాలానికి కూడా బయటపడవచ్చు. ఇమ్యునోథెరపీ తీసుకున్నవారిలో అరుదుగా అడ్రినల్ గ్రంథులు దెబ్బతినడం కూడా తీవ్రమైన నీరసానికి కారణమవుతుంది.

గుండె: డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి మందులు కొందరిలో గుండె పనితీరును బలహీనపరచగలవు. అలసటతో పాటు ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె పరీక్ష అవసరం.

ఇతర కారణాలు: అదుపులో లేని మధుమేహం, మూత్రపిండాలు లేదా కాలేయం సమస్యలు, తగ్గని నొప్పి, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, కుంగుబాటు కూడా అలసటకు దారితీస్తాయి. నరాల నొప్పికీ, అలర్జీకీ, నిద్రకూ వాడే కొన్ని మాత్రలు మగతను కలిగిస్తాయి. అందువల్ల వాడుతున్న మందులన్నిటినీ, ఆయుర్వేద, హోమియో మందులతో సహా, ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపడం మంచిది. ఏ మందునూ సొంత నిర్ణయంతో ఆపరాదు.

డాక్టరుకు ఎలా చెప్పాలి?

రద్దీగా ఉండే ఓపీలో డాక్టరు వద్ద గడిపే సమయం కొద్ది నిమిషాలే. "నీరసంగా ఉంది" అన్న ఒక్క మాట ఆ నిమిషాలలో కొట్టుకుపోతుంది. బదులుగా అంకెలో చెప్పడం ఉపయోగకరం. అలసట ఏమాత్రం లేకపోతే సున్నా, ఊహించగలిగినంత తీవ్రంగా ఉంటే 10 అనుకొని, గత వారం రోజులకు ఒక అంకె వేసుకోవాలి. 1 నుంచి 3 వరకు స్వల్పం, 4 నుంచి 6 వరకు మధ్యస్థం, 7 పైన తీవ్రం. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే కారణాలను విడిగా పరిశీలించాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సూచన.

అంకెతో పాటు నాలుగు విషయాలు చెప్పాలి. అలసట ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువగా ఉంటుంది, ఇంతకుముందు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏది, నిద్ర ఎలా ఉంది. "రెండో అంతస్తు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుంటున్నాను" అన్న మాట డాక్టరుకు ఎంతో సమాచారం ఇస్తుంది. చాలామంది, ముఖ్యంగా మహిళలు, పెద్దవయసువారు, "ప్రాణం దక్కింది, ఇక ఇది కూడా చెప్పాలా" అని ఊరుకుంటారు. తప్పక చెప్పాలి.

కదలికే ప్రధాన ఔషధం

అలసిన మనిషికి విశ్రాంతి ఇవ్వాలన్నది మన ఇళ్లలో సహజంగా వచ్చే ఆలోచన. జ్వరంలో అది సరైనదే. కానీ ఈ అలసటలో అధిక విశ్రాంతి పరిస్థితిని దిగజారుస్తుంది. కదలకపోతే కండరాలు మరింత బలహీనపడతాయి, బలహీనపడిన కండరాలకు చిన్న పని కూడా పెద్ద భారమవుతుంది, ఆ భారం వల్ల మళ్లీ మంచం ఎక్కుతారు. ఈ వలయాన్ని ఛేదించేది కొలతతో కూడిన వ్యాయామం.

దీనికి గట్టి ఆధారాలున్నాయి. 11 వేల మందికి పైగా పాల్గొన్న 113 అధ్యయనాలను కలిపి పరిశీలించిన విశ్లేషణ 2017లో వెలువడింది. క్యాన్సర్ సంబంధిత అలసటను తగ్గించడంలో మందుల కన్నా వ్యాయామం, మానసిక చికిత్సా పద్ధతులు మెరుగ్గా పనిచేస్తాయని అది తేల్చింది. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి 30 నిమిషాల పాటు ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం, దానికి తోడు వారానికి రెండుసార్లు కండరాల బలాన్ని పెంచే కసరత్తులు చేయాలని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఫలితం కనిపించడానికి సుమారు 12 వారాలు పట్టవచ్చు.

30 నిమిషాలన్నది చేరవలసిన గమ్యం, మొదటి రోజు లెక్క కాదు. ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టవచ్చు. వారం వారం రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి. అదే ఓ మోస్తరు వేగానికి గుర్తు. బలం కోసం కుర్చీలో నుంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం, నీళ్ల సీసాలను బరువులుగా ఎత్తడం చాలు. యోగాభ్యాసం కూడా కొందరికి ఉపకరిస్తుంది.

కొందరు మాత్రం డాక్టరు లేదా ఫిజియోథెరపిస్టు సలహాతోనే మొదలుపెట్టాలి. ఎముకలకు క్యాన్సర్ వ్యాపించినవారు, రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు, చేయి వాపు ఉన్నవారు, పొట్టపై స్టోమా ఉన్నవారు ఈ కోవకు చెందుతారు. జ్వరం ఉన్న రోజున వ్యాయామం చేయరాదు.

ఢిల్లీవాసులకు మరొక జాగ్రత్త అవసరం. శీతాకాలంలో వాయు నాణ్యత సూచీ 200 దాటితే గాలి అధ్వానంగా ఉన్నట్టు, 400 దాటితే తీవ్ర స్థాయికి చేరినట్టు లెక్క. అటువంటి రోజుల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారు, తెల్లవారుజామున ఆరుబయట నడవడం మానుకొని ఇంటిలోపల వరండాలోనో, గదుల మధ్యనో నడవాలి. మే, జూన్ నెలల్లో ఎండ ముదరకముందే నడక ముగించాలి.

ఓపికను పొదుపుగా వాడుకోవడం

తెలుగులో 'ఓపిక' అన్న మాటకు శక్తి అనీ, సహనమనీ రెండు అర్థాలున్నాయి. ఈ అలసటను ఎదుర్కోవడానికి రెండూ కావాలి. కొంచెం బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒకేసారి చేసి, ఆ తరువాత రెండు రోజులు లేవలేకపోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. బాగున్న రోజున కొంత మిగుల్చుకోవడం, బాగాలేని రోజున కూడా కొంత కదలడం దీనికి విరుగుడు.

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో ఏ వేళ ఏ పని చేశారో, అప్పుడు అలసట అంకె ఎంతో రాసుకుంటే రోజులో శక్తి ఎక్కువగా ఉండే వేళ తెలుస్తుంది. ముఖ్యమైన పనిని ఆ వేళకు పెట్టుకోవాలి. పనులను మూడుగా విడదీయాలి: నేనే చేయవలసినవి, ఇతరులు చేయగలిగినవి, చేయకపోయినా నష్టం లేనివి. మూడో జాబితా అనుకున్నదానికన్నా పొడవుగా ఉంటుంది.

పనిచేసే తీరు కూడా మారాలి. కూరగాయలు నిలబడి తరగడం కన్నా కుర్చీలో కూర్చొని తరగడం మేలు. నిండు బిందె మోయడానికి బదులు చిన్న చెంబులతో నీళ్లు తెచ్చుకోవచ్చు. రోజూ వాడే డబ్బాలు నడుము ఎత్తులోని అరలో ఉండాలి. స్నానాల గదిలో ఎత్తైన పీట వేసుకోవాలి. పూర్తిగా అలసిపోయాక ఆగడం కాదు, అలసట రాకముందే ఐదు నిమిషాలు ఆగడం నేర్చుకోవాలి. మతిమరుపు ఇబ్బంది పెడుతుంటే మందుల వేళలు, డాక్టరు చెప్పిన తేదీలు గోడ క్యాలెండరు మీద రాయడం, ఒకసారికి ఒక్క పనే పెట్టుకోవడం ఉపకరిస్తాయి.

నిద్ర, ఆహారం

రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా ఉదయం ఒకే వేళకు లేవడం నిద్ర లయను నిలబెడుతుంది. పగటి కునుకు అరగంటకు మించకుండా, మధ్యాహ్నం మూడు గంటల లోపు ముగిసేలా చూసుకోవాలి. సాయంత్రం తరువాత టీ, కాఫీ మానాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రలకన్నా ముందు నిద్రలేమికి ఇచ్చే ప్రవర్తనా చికిత్స గురించి అడగాలి.

ఆహారంలో కండరాలకు అవసరమైన మాంసకృత్తులు ప్రతి పూటా ఉండాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, వేరుశనగ, సెనగలు అందుబాటులో ఉన్నవే. ఆకలి తక్కువగా ఉంటే మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారుసార్లు కొద్దికొద్దిగా తినవచ్చు. పత్యం పేరుతో పాలు, పప్పు, పండ్లు మానిపించడం బలాన్ని మరింత తగ్గిస్తుంది. శక్తినిస్తాయంటూ అమ్మే పొడులు, టానిక్కులు డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. వాటిలో కొన్ని కాలేయానికి హాని చేయవచ్చు, వాడుతున్న మందులతో పొసగకపోవచ్చు.

ఈ అలసటకు ఒక్క మాత్రతో పరిష్కారం ఇప్పటికి లేదు. చికిత్స పూర్తయినవారిలో వ్యాయామం, ఆలోచనా ప్రవర్తనా చికిత్స, మనసును ప్రస్తుత క్షణంపై నిలిపే ధ్యాన పద్ధతులను అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2024 మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. మెలకువను పెంచే ఉత్తేజకాలను సాధారణంగా వాడవద్దని అవే మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

మనసు, ఇల్లు, ఉద్యోగం

తదుపరి స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ భయం పెరగడం, ఆ భయంతో నిద్ర తగ్గడం, నిద్ర తగ్గి అలసట ఎక్కువ కావడం అనేకులకు అనుభవమే. రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్య సహాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవలను 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో కూడా ఉచితంగా పొందవచ్చు.

ఇతరులతో పోల్చుకోవడం మరొక భారం. క్రికెటర్ యువరాజ్ సింగ్ 2012 తొలి నెలల్లో అమెరికాలో కీమోథెరపీ పొందారు. అదే ఏడాది సెప్టెంబరు 8న విశాఖపట్నంలో న్యూజీలాండ్‌తో జరగవలసిన టీ20 మ్యాచ్ ఆయన పునరాగమనానికి వేదిక కావలసి ఉండగా, వర్షం వల్ల ఆ ఆట రద్దయింది. మూడు రోజుల తరువాత చెన్నైలో ఆయన మైదానంలోకి దిగారు. ఆ వార్త ఎందరికో ధైర్యాన్నిచ్చింది. కానీ అది ముప్పై ఏళ్ల వయసున్న, శిక్షకుల పర్యవేక్షణ గల వృత్తి క్రీడాకారుని కథ. యాభై ఐదేళ్ల గృహిణి తన ఆరు నెలలను ఆ ఆరు నెలలతో కొలుచుకోవడం న్యాయం కాదు. నిరుటి తనతో గాక, నిన్నటి నెల తనతో పోల్చుకోవడమే సరైన కొలత.

కుటుంబ సభ్యులు చేయగల మేలు రెండు విధాలు. "అన్నీ బాగున్నాయి కదా" అన్న మాటకు బదులు "ఈ రోజు ఎంతవరకు చేయగలవు?" అని అడగడం ఒకటి. అన్ని పనులూ లాగేసుకోకుండా, చేయగలిగిన పనిని వారికే వదిలి పక్కన నడవడం రెండవది. ఉద్యోగంలో తిరిగి చేరేవారు వీలుంటే మొదటి వారాల్లో తక్కువ గంటలు, రద్దీ లేని వేళల ప్రయాణం, మధ్యలో కొద్ది విరామం కోరడం మంచిది. డాక్టరు ధ్రువపత్రం అందుకు తోడ్పడుతుంది.

దూరప్రయాణం చేసేవారికి

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీకి రైలులో రావడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. దిగిన రోజే ఆసుపత్రి వరుసలో నిలబడకుండా, ఒక రోజు ముందుగా చేరుకోవడం మేలు. చికిత్సకు, తదుపరి పరీక్షలకు వెళ్లే క్యాన్సర్ రోగులకు రైల్వే రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో రోగికి ఛార్జీ పూర్తిగా మినహాయిస్తారు, తోడుగా వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ లభిస్తుంది. ఇందుకు ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. మెట్రో స్టేషన్లలో మెట్లకు బదులు లిఫ్టు వాడుకోవడానికి, సిబ్బందిని చక్రాల కుర్చీ అడగడానికి సంకోచించనవసరం లేదు.

ప్రతి చిన్న పరీక్షకూ ఢిల్లీ రావలసిన పని ఉండకపోవచ్చు. రక్త పరీక్షలు, ఫిజియోథెరపీ వంటివి సొంత ఊరికి దగ్గరలో చేయించుకోవడానికి వీలుందా అని చికిత్స చేసిన డాక్టరును అడగాలి. సైనిక కుటుంబాలకు సికింద్రాబాద్‌లోని మిలటరీ ఆసుపత్రి, విశాఖపట్నంలోని నౌకాదళ ఆసుపత్రి కల్యాణి, మాజీ సైనికుల పాలీక్లినిక్‌లు ఉన్నాయి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కొన్ని లక్షణాలను అలసటగా భావించి వేచి చూడరాదు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ, స్పృహ తప్పడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, రక్తస్రావం, హఠాత్తుగా ఒక వైపు బలహీనత, తికమక, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, తగ్గిన అలసట మళ్లీ పెరుగుతున్నా తదుపరి తేదీ వరకు ఆగకుండా డాక్టరును సంప్రదించాలి.

ఈ అలసట చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది, తగ్గే దారి మాత్రం తిన్నగా ఉండదు. ఒక వారం ముందుకు, కొన్ని రోజులు వెనక్కు సాగుతుంది. ఆ వెనకడుగును ఓటమిగా భావించి నడక మానుకోరాదు. తదుపరి పరీక్షకు వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టులతో పాటు అలసట అంకెలు రాసుకున్న పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోవాలి. ముందుగా ఆ పుస్తకాన్నే డాక్టరు ముందు తెరవాలి.